బండ దగ్గరి మూల

గోడ గీతలు మూలల్లో కలవకపోతే నాకు అన్నం సయించదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల కొట్టు పైనున్న ఇంజనీరు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. బడంగ్‌పేట్ దాకా లేస్తున్న ఇళ్లలో కొన్నింటి గోడలు ముందు నా కంప్యూటర్లో నిలబడ్డవే. ఒక గీత పొట్టిగా ఆగిపోయినా, ఇంకొకటి బయటికి తోసుకొచ్చినా నా కంటికి ఇట్టే దొరికిపోతుంది. రెండు గీతల్నీ మౌసుతో ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే చాలు, పొట్టిది సాగుతుంది, ఎక్కువైంది తెగుతుంది, మూల కుదురుతుంది. మా సారుది కోస్తా వైపు. కొత్తగా చేరినవాళ్లకు నా ప్లాను చూపించి, మూలంటే ఇలా ఉండాలండీ అంటుంటారు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని.

అందుకే మా ఇంటి పంపకం నా దగ్గరికే వచ్చింది. కొత్తపేటలోని ఆ ఇంట్లో నాన్న, చిన్నాన్న ఇన్నేళ్లూ కలిసే ఉన్నారు. ముందు గది కిరాయికిచ్చే దగ్గర మాటా మాటా పెరిగి, పంచుకుందాం అనేదాకా వచ్చింది. లోపల ఎవరి గదులు వాళ్లకు ముందునుంచీ విడిగానే ఉన్నాయి. మిగిలింది పెరడు. అక్కడ గోడ లేవాలన్నారు. కొలవాలంటే టేపుకు రెండు కొసలుంటాయి కదా, అన్నదమ్ములు చెరో కొసా పట్టుకోవడానికి ససేమిరా అన్నారు. చివరికి కొలిచింది అమ్మా, చిన్నమ్మా. చిన్నమ్మ పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో బొమ్మ వేసి, కొలతలు రాసి నా చేతికిచ్చింది.

గోడ వంటింటి వెనక నుంచి తిన్నగా వచ్చి, బట్టలుతికే బండ దగ్గర మా వైపు మళ్లి, పక్క ప్రహరీని తాకాలి. బండ చిన్నమ్మ వాటాకు పోయింది, అందుకే ఆ మలుపు. ఆమె బొమ్మలో ఆ మలుపు దగ్గర రెండు గీతలూ కలవలేదు. మధ్యలో కాస్త ఖాళీ. పాపం చిన్నమ్మకు గీయడం ఏం తెలుసు అని నవ్వుకున్నాను. ఆఫీసులో టీ తాగుతూ రెండు గీతలూ నొక్కాను. ఖాళీ పోయింది. ప్రింటు తెచ్చిస్తే నాన్న, చిన్నాన్న చెరో దిక్కుకు తిరిగి కూర్చుని సంతకాలు పెట్టారు. కంప్యూటరుకు పక్షపాతం ఉండదని ఇద్దరూ అన్నారు. ఆ మధ్య వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

మేస్త్రీ కాగితంలో ఉన్నట్టే కట్టాడు. ఆఫీసు నుంచి వచ్చి ఆ మూల చూసుకుని మురిసిపోయాను కూడా. అమ్మ మాత్రం అక్కడ నిలబడి గోడను చేత్తో తడుముతోంది.

"గీడ సందు పెట్టినం కద బిడ్డా," అంది. "మనిషి పక్కకు తిరిగితె పట్టేంత. మీ చిన్నమ్మ గీసింది నువ్వు సూడలేదా?"

అప్పుడు చెప్పింది. అమ్మకు కంటి ఆపరేషన్ దగ్గర పడింది. తర్వాత చాలా రోజులు పూటపూటకూ చుక్కల మందు వేయాలి. పగలు నాన్న దుకాణంలో, నేను ఆఫీసులో. ఒకరి గడప ఒకరు తొక్కవద్దని అన్నదమ్ములు ఇంటిల్లిపాది చేతా ఒట్టు వేయించుకున్నారు. గడపే లేని సందులోంచి చిన్నమ్మ వచ్చి మందు వేస్తే ఒట్టు తప్పినట్టు కాదని ఈ తోడికోడళ్లు ఆలోచించారు. అడిగితే మగవాళ్లు ఒప్పుకోరు. కాగితంలో ఉంటే మేస్త్రీ వదిలేస్తాడు, కట్టిన గోడను మళ్లీ ఎవరు కదిలిస్తారులే అనుకున్నారు. మరి నాకెందుకు చెప్పలేదని ఎగిరాను. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా అంది అమ్మ. నిజమే. చెప్పి ఉంటే ఆ పూటే నాన్న ముందు వాగేసేదాన్ని.

తప్పు నాదేనని నాన్నకు చెప్పి గోడ తీయిస్తానన్నాను.

"నీ తప్పని చెప్తే, మరి ఒప్పేందని అడుగుతడు మీ నాయిన. అప్పుడు మీ చిన్నమ్మ గతేంది?"

గోడ తీయించే మాట మళ్లీ ఎత్తలేదు. చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తెలిసో తెలియకో చేసినవులే బిడ్డా అని గోడ అవతలి నుంచే అంది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. తిట్టినవాళ్లతో కొట్లాడడం నాకు బాగా వచ్చు.

దవాఖానలో అమ్మ ఆపరేషన్ అయింది. పొద్దునా సాయంత్రం నేను మందు వేసేదాన్ని. మధ్యాహ్నం సంగతి అడిగితే అవుతోందిలే అంది. ఎలా అవుతోందని మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నాకు సుఖంగా ఉంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆఫీసులో మాత్రం చెయ్యి ఆగిపోవడం మొదలైంది. ఎవరి బొమ్మలో ఏ చిన్న ఖాళీ కనిపించినా ఫోను చేసి, ఇది కావాలని వదిలారా అని అడుగుతున్నాను. ఎల్బీనగర్ ఆయనొకడు, ఇల్లు కడుతున్నవా, పంచాయితీ పెడుతున్నవా మేడం అని విసుక్కున్నాడు.

ఆయన ప్లాటు చూసి వస్తూ ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్లాను. మా గదిలో అమ్మ లేదు. వంటింటి తలుపులోంచి పెరట్లోకి చూశాను.

అమ్మ ఆ మూలలో వీపు ఆనించి, ముఖం ఆకాశానికి ఎత్తి నిలబడి ఉంది. గోడ పైనుంచి చిన్నమ్మ తల, ఒక చెయ్యి కనిపిస్తున్నాయి. అవతల బండెక్కి మునివేళ్ల మీద నిలబడినట్టుంది. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో మందు సీసా వంచుతోంది. చుక్క అమ్మ చెంప మీద పడింది. ఇంకోటి ముక్కు మీద పడింది. ఇద్దరూ చప్పుడు కాకుండా నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసి, వచ్చిన దారినే వెళ్లిపోదామనుకున్నాను, కానీ చిన్నమ్మ చూసేసింది.

"గట్ల నిలబడ్డవేంది బిడ్డా? జర మీ అమ్మ తల పట్టు, కదులుతున్నది."

వెళ్లి రెండు చేతులతో అమ్మ తల పట్టుకున్నాను. మూల ఎంత కచ్చితంగా కుదిరిందంటే, అమ్మ భుజాలు రెండు గోడలకూ సరిగ్గా ఆనాయి. చిన్నమ్మ ఊపిరి బిగబట్టి చెయ్యి చాచింది. ఈసారి చుక్క కంట్లోనే పడింది. అమ్మ కళ్లు మూసుకుంది.

"ఇయ్యాల మంచిగ పడ్డది," అంది చిన్నమ్మ, గోడ మీంచి సీసా నాకు అందిస్తూ. "రేపు నువ్వుండవు గద."