వడ్ల మీద బూట్లు

ఈ రోజు పొద్దున చిట్యాల దగ్గరి ఒక ఊరి దారిలో నడుస్తున్నాను. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోశారు. మిగిలిన సగంలో వెనక నుంచి వరికోత మిషన్ వచ్చి హారన్ కొట్టింది. నేను వెంటనే వడ్ల మీదికి జరిగాను. నా ముందు సద్దిగిన్నెతో నడుస్తున్న ముసలమ్మ మాత్రం మిషన్‌కు అడ్డంగా అక్కడే నిలబడింది.

“అవ్వా, జర జరుగు. మబ్బు పట్టింది, వాన రాకముందే చేను కొయ్యాలె” అన్నాడు డ్రైవర్.

“ఆగు బిడ్డా, చెప్పులు ఇడువనియ్యి.”

ఆమె మెల్లగా వంగి, చెప్పులు చేతబట్టుకుని వడ్లలోకి వచ్చింది. అప్పుడు నా కాళ్లు చూసింది. “గదేంది సారూ, తినే గింజను బూట్లతోటి తొక్కుతరా?”

మళ్లీ మిషన్ ముందుకే దిగి లేసులు విప్పడానికి నాకు ఆమెకంటే ఎక్కువసేపే పట్టింది. డ్రైవర్ ఇంజన్ ఆపి, “కానియ్యి సారూ, వానకు ఆగుమని నేను చెప్త” అన్నాడు.

మిషన్ మమ్మల్ని దాటేటప్పుడు దాని టైరు జానెడు మేర వడ్లను నలిపేసింది. “మరి దాన్ని ఏమీ అనవా అవ్వా?” అని అడిగాను.

“దానికి ఇడిసేతందుకు చెప్పులున్నయా?” అంటూ కూర్చుని, చెదిరిన గింజలను చేత్తో లోపలికి నెట్టింది. ఆ వడ్లు ఆమెవే అనుకున్నాను. అడిగితే, తనది పక్క ఊరని, అవి ఎవరివో తెలియదని చెప్పింది.

సగం వడ్లకు, సగం మిషన్‌కు పోయాక నడిచేవాళ్ల దారి ఎక్కడుందో నాకు ఇంకా అర్థం కాలేదు. మీ ఊళ్లో ఎవరు పక్కకు జరుగుతారో చెప్పండి. నేనైతే ఇక బూట్లు విప్పాకే జరుగుతాను.