కడపలో మా సొంతూరి మ్యాచ్

సొంతూరి మ్యాచ్ చూడటానికి సొంతూరు వదిలి ఆరేడు గంటలు రైల్లో కూర్చోవాలని ఎవరైనా చెబితే నేను కూడా నమ్మేవాణ్ణి కాదు. మా వెనక ఎవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటారేమో అని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కోసిగిలో టైలర్ని. మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు జెర్సీలు కుట్టేది నేనే, అభిమానుల సంఘానికి కార్యదర్శిని నేనే. అధ్యక్షుడు హుసేనప్ప, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సంఘంలో సభ్యులు చాలామందే ఉన్నారు గానీ మార్చి నెలలో ఎవరూ ఊళ్లో ఉండరు. మా వైపు వానలు మొహం చాటేస్తే జనం మూటాముల్లే సర్దుకుని గుంటూరు మిరప కోతలకు పోతారు. దాన్ని మేము సుగ్గి అంటాం. ఈసారి సుగ్గికి పోయినవాళ్లలో మా జట్టు జట్టంతా ఉంది.

అలాంటి సమయంలో టోర్నమెంటువాళ్ల ఉత్తరం వచ్చింది. తుమ్మలపల్లె జట్టుతో కోసిగివారి హోం మ్యాచ్ శనివారం సాయంత్రం నాలుగింటికి, కడపలో. కోసిగి మైదానంలో గడ్డి లేదు కనుక అక్కడ ఆడటం కుదరదట. ఇందులో గెలిస్తే మాత్రం గడ్డి విషయం మళ్లీ ఆలోచించి, తర్వాతి మ్యాచ్ ఆ పై వారం ఆదివారం కోసిగిలోనే పెడతారట.

హుసేనప్ప దీన్ని మైదానం పక్కన నిలబడి పైకి చదివాడు. వినడానికి ఉన్నది నేనూ, నరసమ్మవ్వా. మా గోల్‌కీపర్ ఈరన్న ఆమె మనవడు. ఆమె ఇల్లు గోలుపోస్టుకు ఎదురుగానే ఉంటుంది. అయినా మనవడు ఆడిన పెద్ద మ్యాచ్ ఒక్కటీ ఆమె చూడలేదు, ఎందుకంటే ఒక్కటీ కోసిగిలో జరగలేదు. మనవణ్ణే చూసి మూడు నెలలైంది.

"ఈడ మ్యాచ్ పెడితే ఈరన్న ఇంటికొస్తాడు గదప్పా?" అంది.

"రాకుంటే గోలుకాడ ఎవరు నిలబడతారవ్వా, నేనా?" అన్నాడు హుసేనప్ప.

"ఐతే నేనూ కడపకొస్తా. గెలవల్ల."

శనివారం తెల్లారి ఆరింటికి కోసిగి స్టేషన్లో బండెక్కాం. హుసేనప్ప పాత అలవాటు కొద్దీ మమ్మల్ని వేలితో లెక్కపెట్టి, "ముగ్గురం. రైట్ రైట్" అన్నాడు. బండి కూడా సరిగ్గా అప్పుడే కదలడంతో ఆయనకు ఆ రోజంతా గర్వం తగ్గలేదు.

ఎదురు సీట్లో రాయచూరు నుంచి వస్తున్న బట్టల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. యాడికి పోతాండారని అడిగాడు. హోం మ్యాచ్‌కని చెప్పాను. ఏ ఊరన్నాడు, కోసిగి అన్నాను. మ్యాచ్ యాడ అన్నాడు, కడపలో అన్నాను. కాసేపు మా ముగ్గురి మొహాలూ చూసి, ఆదోనిలో ఖాళీ దొరకగానే వేరే సీటుకు మారిపోయాడు.

ఆదోని దాటాక నరసమ్మవ్వ తన మూట విప్పింది. అందులో రావిపుల్లల కట్ట, నేతి డబ్బా, కొబ్బరికాయ, కర్పూరం, అగ్గిపెట్టె, నీళ్ల చెంబు ఉన్నాయి.

"ఇవెందుకవ్వా?" అన్నాను.

"హోము అంటిరి గదప్పా. ఐనోరు ఆడికే వస్తాడా, మనమే పిల్చుకోవల్లనా?"

హోం అంటే హోమం కాదనీ, ఇల్లనీ, ఇంటికాడ ఆడే ఆటను హోం మ్యాచ్ అంటారనీ హుసేనప్ప గుంతకల్లు వచ్చేదాకా వివరించాడు. ఆమె అంతా విని, "మరి మనం ఇల్లిడిసి యాడికి పోతాండాం?" అంది. అధ్యక్షుడూ కార్యదర్శీ దిగడానికి చెప్పులు వెతుక్కున్నారు. అవ్వ, తెచ్చినదాన్ని ఎట్ల పారేసేదని మూట మళ్లీ గట్టిగా ముడివేసుకుంది.

గుంతకల్లులో దిగేసరికి ఎనిమిది. ఇటు వచ్చేవాళ్లు స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినకుండా బండెక్కొద్దు. ఎనిమిదీ ముప్పావుకు కడప బండి దొరికింది. గుత్తి కొండలు, తాడిపత్రి, ఎర్రగుంట్ల దగ్గర పట్టాల పక్కన పేర్చిన నాపరాళ్లు, అన్నింటి మీదా ఒకటే ఎండ. పావు తక్కువ ఒంటిగంటకు కడపలో దిగి, కారందోసెలు తిని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ షేర్ ఆటోలో మైదానానికి పోయాం.

గేటు దగ్గర ఖాకీ బట్టల మనిషి అవ్వ మూట తనిఖీ చేసి, అగ్గిపెట్టె లోపలికి పోదన్నాడు.

"నువ్వెవరప్పా చెప్పేకి?"

"నేను హోంగార్డునవ్వా."

"ఐతే ఈ హోము నీదే గదా! నువ్వే అడ్డం పడితే ఎట్లప్పా?"

పాపం అతను జుట్టు పీక్కోకుండా, అగ్గిపెట్టె తన జేబులో వేసుకుని, పోయేటప్పుడు ఇస్తానన్నాడు.

లోపలికి వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది. మైదానంలో గడ్డి లేదు. మా ఊళ్లో కనీసం పల్లేరుకాయలన్నా ఉంటాయి, ఇక్కడ అవి కూడా లేవు. పడమటి గోలు ముందర నీళ్ల పైపు కారుతున్నచోట మాత్రం చాపంత మేర పచ్చగా ఉంది. టోర్నమెంటు పెద్దమనిషిని పట్టుకుని గడ్డి ఏదని అడిగితే, ఆ చాప వైపు చూపించి, "అదేందన్నా మరి?" అన్నాడు.

తుమ్మలపల్లెవాళ్లు ఇంట్లో సంగటి తిని, గంటన్నరలో బస్సు దిగి, డప్పులతో వచ్చారు. వాళ్లు బయటి జట్టు. మా పదకొండు మందీ రాత్రీ పగలూ ప్రయాణం చేసి గుంటూరు నుంచి వచ్చారు. వాళ్లు సొంతూరి జట్టు. మావాళ్లతోపాటు మేస్త్రీ గోవిందు కూడా వచ్చాడు. మా ఊరివాడే, కోతలకు మనుషులను తోలుకుపోయేది అతనే. రెండు రోజులకని వదిలిన పదకొండు మంది తిరిగి రాకపోతే రైతుకు ఏం చెప్పాలని వెంట వచ్చాడు. అతను ఆటగాళ్లను లెక్కపెట్టడం, హుసేనప్ప మమ్మల్ని లెక్కపెట్టడం. నేను ఈ ఇద్దరి మధ్యా కూర్చున్నాను.

ఈరన్న అవ్వ కాళ్లకు దండం పెట్టి, ఇంటికని తెచ్చిన ఎండుమిరపకాయల సంచి ఆమె చేతిలో పెట్టాడు. చిక్కిపోయాడు. నేను కుట్టిన జెర్సీ వాడి ఒంటిమీద వదులుగా వేలాడుతుంటే, కొలత తప్పింది నేనేమోనని కాసేపు నన్ను నేనే మోసం చేసుకున్నాను.

మ్యాచ్ గురించి ఎక్కువ రాయను. మొదటి సగమంతా దుమ్ము. డెబ్బయ్యో నిమిషంలో మావాడు మధ్యలో నుంచి గుడ్డిగా ఒక బంతి తన్నాడు. అది పక్కకు పోయే బంతే. దాన్ని వదిలేసి వాళ్ల గోల్‌కీపర్ తలపాగా సర్దుకుంటున్నాడు. బంతి ఆ పచ్చ చాప మీద పడి, తడిలో ఒక్కసారి మెలి తిరిగి, నెమ్మదిగా గోల్లోకి వెళ్లి కూర్చుంది. ఆ మైదానంలో ఉన్న గడ్డి అంతా మా తరఫున ఆడింది.

చివరి రెండు నిమిషాల్లో వాళ్లకు పెనాల్టీ దక్కింది. డప్పులు ఆగిపోయాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. గోలు ముందు ఈరన్న ఏడుస్తున్నాడు. కళ్ల నుంచి ధారలుగా నీళ్లు కారుతున్నాయి. "ఊరి మీద ఎంత ప్రేమ చూడప్పా" అని హుసేనప్ప కూడా కళ్లు ఒత్తుకున్నాడు. వాళ్లవాడు తన్నాడు, ఈరన్న ఎడమవైపు పడ్డాడు, బంతి వాడి భుజానికి తగిలి బయటికి పోయింది. ఒకటి, సున్నా. గెలిచాం. అప్పటిదాకా మాతో మాట కలపని మేస్త్రీ గోవిందు నన్ను కావలించుకుని, వెంటనే సిగ్గుపడి, మళ్లీ ఆటగాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

గోల మధ్యలో అవ్వ కనిపించలేదు. చూస్తే పడమటి గోలు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. దండం పెట్టుకుంటోందనుకుని కదిలించలేదు. గేటు దగ్గర హోంగార్డు మాట తప్పకుండా అగ్గిపెట్టె ఇచ్చేశాడు. ఆ పూటకు స్టేషన్ ఎదురు లాడ్జిలో దిగాం. మంచాలు గట్టివే, ఫ్యాను మాత్రం తిరగదు.

ఆదివారం ఉదయం ఏడుంబావుకు తిరుగు బండి. గుంటూరు పోవడానికి ఇది చుట్టుదారే అయినా, అవ్వతో గుంతకల్లు దాకా వస్తానని ఈరన్న పట్టుబట్టాడు. వాడు వస్తే అందరూ రావాలి, అందరూ వస్తే మేస్త్రీ రావాలి. అందరం ఒకే పెట్టెలో ఎక్కాం.

ఎర్రగుంట్ల దాటకముందే గెలుపు ఎవరివల్ల అన్న పంచాయితీ మొదలైంది. తాను రైట్ చెప్పిన బండిలో రావడం వల్లేనని హుసేనప్ప. హోమం చేయకపోయినా సామాను అక్కడిదాకా వచ్చింది గనుక సగం ఫలితం దక్కిందని అవ్వ. జెర్సీల కుట్టు వల్ల అని నేను. ఈరన్న తల అడ్డంగా ఊపాడు.

"నాకు బాలే కనపల్లేదన్నా. చెమట కారతాంటే చేత్తో కండ్లు తుడుస్కున్యా. మూడు నెల్లు మిరపకాయలు తెంపిన చెయ్యి. అంతే, మంట. అటు పడదామా ఇటు పడదామా అనుకునేలోపల అదే వచ్చి తగిలె."

"అంతా మీ తప్పే" అన్నాడు మేస్త్రీ ఉన్నట్టుండి. "రైట్ బ్యాకు సరిగా లేడు. వాడు ముందుకు పోతే పెనాల్టీ యాడ వస్తాది? నేనైతే..."

"నిన్నెవరు ఆడమన్యారప్పా?" అన్నాడు హుసేనప్ప.

"ఎవరూ అన్లే. ఆ గ్రౌండు పక్కనే పెరిగినా. ఒక్క దినమన్నా నన్నెవరూ పిలవలే" అని గోవిందు కిటికీ వైపు తిరిగాడు.

పదకొండున్నరకు గుంతకల్లు. మా బండి ఒక ప్లాట్‌ఫారం మీద, గుంటూరు బండి ఇంకొక దాని మీద. వంతెన మెట్ల దగ్గర అవ్వ మేస్త్రీకి అడ్డంగా నిలబడింది.

"గోవిందూ, వచ్చే ఆదివారం ఊర్లో మ్యాచ్ ఉండాది. పిల్లోల్లను పంపియ్యల్ల."

"కుదర్దవ్వా. కోత నడిమధ్యలో ఉండాది. ఈ రెండు దినాలకే రైతు శానా మాటలన్యాడు. ఇంగ ఉగాది దాటినంకనే."

సొంత మైదానం గెలుచుకున్నాం, ఆడటానికి మనుషులు లేరు. నేను అంత దూరం ఆలోచించనే లేదు. ఈరన్న మొహం చూడలేక కింద పట్టాల వైపు చూశాను.

అవ్వ మెట్ల కిందనే కూర్చుని మూట విప్పి, రావిపుల్లలు అడ్డంగా నిలువుగా పేర్చింది. "హోమం జేస్తా. నీకు మంచి బుద్ధి వచ్చేదాక లేయను" అని, నేతి డబ్బా పక్కన పెట్టి, మనవడు ఇచ్చిన సంచిలో నుంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి పుల్లల మీద పోసి, అగ్గిపుల్ల గీసింది.

అంటుకున్నవి నాలుగైదు కాయలే. కానీ గుంటూరు కాయలు. హుసేనప్ప దగ్గుతూ స్తంభం పట్టుకున్నాడు. నిలబడి ఉన్న బండిలో వరసగా కిటికీలు మూసుకున్నాయి. పరుగెత్తుకొచ్చిన రైల్వే పోలీసు తుమ్మి, తుమ్మి, ఏం అడగాలనుకున్నాడో మరిచిపోయాడు. మా ఆటగాళ్లు పదకొండు మందీ మాత్రం ఆ పొగలో చెక్కుచెదరకుండా నిలబడ్డారు. మూడు నెలలుగా వాళ్లు పీల్చే గాలి అదే. మేస్త్రీ గోవిందు మాత్రం నేలమీద కూలబడ్డాడు. చెట్టు కింద కూర్చుని లెక్కరాసే మనిషికి కాయ ఘాటు ఏం తెలుసు?

"పంపిస్తానవ్వా! ఆర్పు! నీకు దండం పెడతా, ఆర్పు!"

అవ్వ చెంబులోని నీళ్లు కాస్త మంట మీద పోసింది. గోవిందు కళ్లు తుడుచుకుంటూ లేచి, అవ్వ వైపు కాకుండా నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "పిల్లోల్లతో నేనూ వస్తా. నాకూ ఒక జెర్సీ కుట్టల్ల టైలరన్నా. రైట్ బ్యాకు."

నవ్వు వచ్చింది గానీ, వాడి మొహం చూసి మింగేశాను. మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. గుంటూరు బండి కూత వేస్తుంటే అక్కడే చేతులు ఎత్తించి కొలిచాను. ఛాతీ నలభై రెండు, నడుము నలభై ఆరు. నాలుగు గజాల గుడ్డ. ఈరన్న వంతెన మీద నుంచి, "ఆదివారం వస్తాండానవ్వా!" అని అరిచాడు.

రెండు దాటాక కోసిగిలో దిగాం. హుసేనప్ప "ముగ్గురం" అని లెక్కపెట్టి, "ఆదివారానికి పదహైదు" అన్నాడు. అవ్వ ఇంటి తలుపు తీయకుండా నేరుగా మైదానంలోకి నడిచింది. ఎండలో ఎక్కడికని మేమూ వెంట పోయాం. గోలుపోస్టు పక్కన కూర్చుని, మూట అడుగు నుంచి తడి గుడ్డ తీసింది. అందులో వేళ్లకు మట్టితో సహా గుప్పెడు గడ్డి. కడప గడ్డి, మాకు గోలు కొట్టిన గడ్డి. పుల్లతో గుంట తీసి నాటి, చెంబులో మిగిలిన నీళ్లు దానికి పోసింది.

"గడ్డి లేదన్యారు గదా" అంది చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఇప్పుడు రమ్మను."