దేవర తిరిగిన గడ్డి

దేవర తోడు, ఇందులో ప్రతి మాటా నిజం. ఇవాళ పక్కింటివాళ్లు ఎండుగడ్డి తగలబెడితే, ఆ వాసనకు మా అవ్వ కొట్టం గుర్తొచ్చింది.

మేం కాపురమున్న ఆ బోదగడ్డి కొట్టం ఉదయగిరి కొండ మొదట్లో ఉండేది. ఎండలు ముదిరితే కొండ మీద అంటుకున్న మంట గడ్డి వెంబడే కిందికి దిగేది. అందుకని ఏటా ఆత్మకూరు వైపు నుంచి ఒక కాపరి మేకల్ని తోలుకొచ్చి, కొట్టం వెనక గడ్డినంతా నేల కనబడేదాకా మేపేవాడు. అవ్వ అతనికి సంగటి పెట్టేది. గడ్డి అయిపోతే మంద వెళ్లిపోయేది.

నా ఎనిమిదో ఏట ఆ మందలో ఒక నల్లచెవుల మేకపిల్ల వచ్చింది. అది నా ఒళ్లోనే నిద్రపోయేది.

చివర కొండ నుంచి కొట్టం దాకా పట్టీలా మిగిలిన నాలుగు బారల గడ్డిని మేకలు వాసన చూసి వెనక్కి తిరిగాయి.

“ఏందవ్వా, ముట్టడం ల్యా?” అన్నాడు కాపరి.

“దేవర తిరగతా ఉండాది ఆడ. గజ్జెల మోత ఇన్నాను,” అన్నాను నేను.

అవ్వ చెంపలేసుకుంది. “రెండు దినాలు ఆగు నాయనా. పసుపు కుంకం పెడితే శాంతిస్తాది.”

కాపరి ఆగాడు. రెండో రోజు మధ్యాహ్నం వడగాలికి మంట దిగింది. మేసిన నేల దగ్గర ఆగిపోయింది గానీ, ఆ నాలుగు బారల మీదుగా వచ్చి కొట్టాన్ని అందుకుంది. అవ్వకు మిగిలింది చేతిలోని సంగటి తెడ్డు ఒక్కటే.

ఇందులో నేను కల్పించింది ఆ దేవరను మాత్రమే. పేడనీళ్లు చల్లితే మేకలు మొక్కల్ని ముట్టవని అవ్వే నేర్పింది. పిల్ల ఇంకో రెండు రోజులుంటుందని, కళ్లాపికి కలిపిన పేడనీళ్లు ఆ గడ్డి మీద చల్లాను.

అవ్వ బతికినన్నాళ్లూ ఆ కాలిన చోట దీపం పెట్టింది. నన్నూ దండం పెట్టుకోమనేది. పెట్టుకునేవాణ్ణి.