ఒప్పుకోలు వెంకటక్క

హిందూపురంలో ఎవరి సొత్తు పోయినా, తీసింది తానేనని స్టేషనుకొచ్చి ఒప్పుకోవడం బొరుగులమ్మే వెంకటక్క అలవాటు. ఆమెకు అరవై అయిదేళ్లు. చేతికర్ర లేనిదే బజారు దాటలేదు. అయినా పందొమ్మిది వందల యాభై ఆరులో పదకొండు దొంగతనాలు ఒప్పుకుంది!

అవన్నీ రాసుకునే ఖర్మ హెడ్ కానిస్టేబుల్ నారాయణప్పది.

కాఫీ క్లబ్బు ముందు సైకిలు పోయిన రోజు ఆయన తల పట్టుకున్నాడు. "అవ్వా, నీకు సైకిలు తొక్కను వస్తాదా?"

"రాదప్పా. నడిపించుకుంటా పోయినా."

"యాడికి?"

"చెప్తా. మొదట మా నాయన పేరు రాయి."

నాయన పేరు, తాత పేరు, తాను పుట్టిన ఏటి కరువు అన్నీ రాయించి సైకిలు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా సైకిలాయన ఇకిలించుకుంటూ వచ్చాడు. మంగలంగడి ముందు పెట్టి మరిచిపోయాడట.

తర్వాత పాలవాడి గేదె పోయింది.

"ఎనుమును యాడ దాచినావవ్వా?"

"బొరుగుల గంప కింద."

స్టేషనంతా ఘొల్లుమంది. నారాయణప్ప మాత్రం నవ్వలేదు. గంప కొలతలు కూడా రాయించిందామె. సాయంత్రానికి గేదె తనంతట తానే కొట్టానికి చేరింది.

ఒకనాడు బట్టలంగడి సుబ్బరాయుడు ఫిర్యాదిచ్చి పోయిన కాసేపటికే వెంకటక్క రొప్పుతూ వచ్చింది.

"నేనే తీసినా!"

"ఏం తీసినావు?"

ఆమె తడబడింది. "ఏం పోయిందంట?"

"నన్నడిగితే ఎట్లవ్వా?"

"నువ్వు చెప్పప్పా. నేను తీసింది అదే."

నారాయణప్ప కలం పక్కన పెట్టాడు. ఆమె మాటలు తనతోనే, చూపు మాత్రం అప్పుడే పట్టుకొచ్చి గోడవారన కూర్చోబెట్టిన పోతులయ్య మీద. ఊళ్లో సూది పోయినా ముందు పట్టుకొచ్చి నాలుగు తగిలించేది అతనికే. పేరు పాత దొంగల జాబితాలో, కేడీల పుస్తకంలో ఉంది మరి.

నారాయణప్ప పాత కాగితాలు తిరగేశాడు. వెంకటక్క ఒప్పుకున్న ప్రతిరోజూ పోతులయ్య అక్కడే ఉన్నాడు. ఆమె చెప్పింది రాస్తున్నంతసేపూ అతని మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. అంతలో పోయింది దొరికేది.

"వాడు నీకేమైతాడవ్వా?"

"ఏమీ కాడు. పదేండ్ల కింద ఆకలికి నా బొరుగుల మూటె ఎత్తకపోయినాడు. కంప్లైంటిచ్చింది నేనే. మూటె మర్నాడే తెచ్చిచ్చినాడు. మీరు మాత్రం వాని పేరు ఇడిసిపెట్టలేదు. వాడు దొంగైంది ఒక్కతూరే నారాయణప్పా. మిగతా తూర్లన్నీ మీరే చేస్తాండారు."

ఆ పూటే సుబ్బరాయుడు పోయిందన్న ఉంగరం ఆయనింటి సబ్బుపెట్టెలోనే దొరికింది.

పోతులయ్య పేరు కొట్టించడానికి నారాయణప్పకు ఏడు నెలలు పట్టింది. నాలుగు అర్జీలు పెట్టి, ఇన్‌స్పెక్టరు చేత బోలెడు తిట్లు తిన్నాడు. ఆపైన తానే పూచీ ఉండి అతన్ని బెల్లం మండీలో కావలివాడిగా పెట్టించాడు.

మొదటిరోజే పోతులయ్య గేటుకు అడ్డంగా నిలబడి వెంకటక్కను ఆపేశాడు.

"లోపలికి పోకూడదవ్వా."

"ఏమిరా? ముప్పై ఏండ్లుగా ఈడ బొరుగులమ్ముతాండా!"

"అమ్ముతాంటావులే. స్టేషన్లో పదకొండు దొంగతనాలు ఒప్పుకున్నదానివి. ఈడ బెల్లం ఉండాది. నిన్నెట్ల నమ్మేది?"

వెంకటక్క ముఖం చేటంతయింది. "భలే కాస్తాండావురా కావలి!" అంటూ గంప దించి, దోసెడు బొరుగులు అతనికి పోసింది.

పోతులయ్య అవి తింటూనే, రెండో చేత్తో గంప అడుగుదాకా తడిమి చూసి, అప్పుడుగానీ గేటు తీయలేదు.