నా పేరున ఉన్న వ్యాను

ఆ వ్యాను నా భర్తది. ఆయన పోయాక ఆర్‌సీ బుక్కు నా పేరుకు మారింది, స్టీరింగు మాత్రం ఆయన అన్న, అంటే మా బావ, చేతికి పోయింది. రోజూ పొద్దున తమిళనాడులోని మా తెలుగు పల్లె ఆడవాళ్ళను ఎక్కించుకుని కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కార్ఖానా దగ్గర దింపేవాడు. వాళ్ళతో పాటు నేనూ అక్కడే పనికి పోయేదాన్ని.

వ్యాను అడుగు రేకు తుప్పు పట్టి చాలా కాలమైంది. బావ దాని మీద గోనెసంచి పరిచి, పైన రబ్బరు షీటు వేశాడు. ఒక వానాకాలం ఉదయం, కడంబూరు రోడ్డు మీద బండి గుంతలో పడి లేచినప్పుడు, పక్కింటి అక్క కాలు రేకులోంచి మోకాలి దాకా కిందికి దిగిపోయింది. బండి పోతూనే ఉంది. నేనూ పక్కన కూర్చున్న ఇంకొకామే ఆమె చంకల కింద చేతులు వేసి పైకి లాగాం. పిక్క చీరుకుపోయింది. రెండు నెలలు ఆమె పనికి రాలేదు.

వారం తిరక్కుండానే బావ ఒక దళారీని ఇంటికి తెచ్చాడు. అతను పాత బండ్లు కొని, రేకు అతికించి, రంగు కొట్టి, పుదూరు వైపు పల్లెల్లో తిప్పుకునేవాళ్ళకు అమ్ముతాడు. బావ ఫారాలు నా ముందు పెట్టాడు.

"సంతకం పెట్టుమ్మా. ఇంజిను బాగుండాది. ఇంకా నాలుగేళ్ళు తిరుగుతాది."

"ఎవురి కాలు పోయేదానికి బావా?" అన్నాను.

బావకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆర్‌సీ పేరు మార్పుకని ఆర్టీఓ ఆఫీసుకు పోయినప్పుడు, అక్కడ కూర్చున్న మా అందరికీ ఒక ఆఫీసరమ్మ పాత బండ్ల గురించి చెప్పింది. అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికి ఇస్తే చాసిస్ నంబరు కోసేస్తారు, నూనె, బ్యాటరీ మట్టిలో కలవకుండా వేరుచేస్తారు, ఇనుము కరగడానికి పోతుంది, మనకు సర్టిఫికెట్ వస్తుంది. ఆ బండి మళ్ళీ రోడ్డెక్కదు. నేను అదే చేస్తానన్నాను.

"సుమ్మా, ఊరికే మాట్లాడొద్దు. తమ్ముడి గుర్తు అది. దాన్ని తునకలు సేస్తావా?" అన్నాడు బావ.

"ఆయన గుర్తు నాకు ఉండాది బావా. ఆ తుప్పు రేకులో లేదు."

దళారీ నవ్వి, ఆడదానికి బండి సంగతి ఏం తెలుసు అని బావతో తమిళంలో అన్నాడు. నేనూ తమిళంలోనే, ఆ బండి పేపర్లు ఎవరి పేరున ఉన్నాయో చూసి మాట్లాడమన్నాను. అతను లేచిపోయాడు. బావ వ్యాను తాళంచెవి జేబులో వేసుకుని తనూ పోయాడు.

తాళం లేకపోయినా పని ఆగలేదు. నేను కబురు చేస్తే విరుదునగర్ అవతలి తుక్కు కేంద్రం నుంచి లారీ వచ్చి వ్యానును పైకెక్కించుకుంది. నేను బస్సులో పోయాను, కుంటుతూ పక్కింటి అక్క కూడా వచ్చింది. చాసిస్ మీద నంబరున్న చోట కోస్తుంటే నిప్పురవ్వలు లేచాయి. ఆయుధ పూజకు ఆయన ఆ బండిని కడిగి గంధం పెట్టే తీరు కళ్ళముందు మెదిలింది. ఏడ్చాను కూడా. వద్దని మాత్రం అనలేదు.

"ఇది ఇంకెవురినీ ఎక్కించుకోదు," అంది అక్క.

బావ నాతో మాటలు మానేశాడు. మేము నెల రోజులు టౌను బస్సులో నిలబడి పోయాం, ఆలస్యమైనందుకు కార్ఖానాలో మాటలు పడ్డాం. తర్వాత, అక్క మళ్ళీ పనికి రావడం మొదలుపెట్టాక, ఇంకొకాయన వ్యాను తెచ్చాడు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఎఫ్‌సీ కాగితం చూపించమని అడిగాం. మీరెవరు అడగడానికి అన్నాడు.

"ఎక్కేవాళ్ళం," అంది అక్క.

ఆ రోజు ఒక్కరూ ఎక్కలేదు. మూడోనాడు అతను కాగితం తెచ్చాడు. మా అందరిలో చదువు వచ్చిన ఇద్దరు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివేదాకా బండి కదలనివ్వలేదు.