విగ్రహం కాని బొమ్మ

మా ఎదురింటి కోడలికి వీడియో గేముల పిచ్చి ఉండేది. ఆ ఆటల్లో కత్తి పట్టే వీరుల బొమ్మలు తెప్పించుకునేది. కొత్తది రాగానే చెవి దగ్గర పెట్టుకుని మోకాలు, మోచేయి ఒక్కొక్కటే తిప్పి వినేది. కీలు బిగువుగా తిరగాలి, కళ్ల చుట్టూ రంగు గీత దాటకూడదు, ఆసరా లేకుండా నిలబడాలి. "బాగుంది" అనే మాట ఆమె నోట తేలిగ్గా వచ్చేది కాదు. ఆమెలో నాకు నచ్చింది అదే.

ఒక ఎండాకాలం వాళ్లింట్లో ప్రార్థన పెట్టుకున్నాం. బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు కింద, అలమరలో ఒక బొమ్మ నిలబడి ఉంది. ప్రార్థన చేయించడానికి వచ్చిన మా చర్చి సంఘపెద్ద దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమ్మా, విశ్వాసుల ఇంట్లో విగ్రహమా? తీసి పొయ్యిలో పడెయ్!"

అత్తగారు గబగబా దాని మీద కొంగు కప్పబోయింది. కోడలు మాత్రం బొమ్మను తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"చూడండి తాతయ్యా, ఎడమ కన్ను దగ్గర రంగు కారింది. మోకాలు కొంచెం వదులు. వచ్చిన రోజే ఇన్ని వంకలు పెట్టాను దీనికి. దేవుడికి ఎవరన్నా వంకలు పెడతారా?"

నేను గట్టిగా నవ్వాను. ఆయన నావైపు ఉరిమి చూశాడు.

"అది ఇంట్లోంచి పోతేనే నేను లోపలికొస్తా."

"అయితే బయటే చేసుకుందాం రండి."

బొమ్మను మళ్లీ అలమరలో నిలబెట్టి, చాపలు చంకన పెట్టుకుని ఆమే ముందు నడిచింది.

వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి పెద్దాయనతో సహా అందరం తుమ్ముతూ, దగ్గుతూ ప్రార్థన ముగించాం. బొమ్మ మాత్రం లోపల ఫ్యాను కింద హాయిగా ఉంది.