రానివాళ్ల చూపు

ఆపరేషనైన కళ్లకు చూపు కొలవడం ఆవిడ పని. పొద్దస్తమానం రోగులచేత అక్షరాలు చదివిస్తుంది కాబట్టి ఆస్పత్రిలో అందరికీ అక్షరాలక్క. ఎవరైనా చదవలేక తడబడితే తన పెదవులు ఎక్కడ కదులుతాయోనని పంటిబిగువున నోరు మూసుకుని నిలబడుతుంది. చూపు దగ్గర మొహమాటాలు పనికిరావంటుంది. అలాంటి మనిషికి పెద్ద డాక్టరు మాట అరికాలి మంట నెత్తికెక్కించింది. కుట్లు లేకుండా శుక్లం తీసే తన కొత్త పద్ధతి గురించి ఆయన డాక్టర్ల సభలో మాట్లాడాలి; ఎంతమందికి చూపొచ్చిందో లెక్క రాసి సంతకం పెట్టాల్సింది ఆవిడే. "మళ్లీ చూపించుకోడానికి రాని పదకొండుమందినీ లెక్కలోంచి తీసెయ్యమ్మా. బాగుంది కాబట్టే రాలేదు," అన్నాడు.

ఆదివారం ఆవిడ ఆ పదకొండుమందిలో ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. వడ్రంగి తాత గుమ్మంలోనే ఉన్నాడు. ఆపరేషనైన కంటి నల్లగుడ్డు పాలు పోసినట్టు తెల్లబడింది.

"మరి రాలేదేం తాతా?"

"బ్రహ్మాండంగా ఉందని డాక్టరుగారే అన్నారుగా తల్లీ. కనపడకపోవడం నా తప్పేమో అనుకున్నా."

మర్నాడు తాతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డాక్టరు ఎదుట కూర్చోబెట్టింది. ఆయన కంట్లోకి లైటు వేసి చూసి, "ముందే రావద్దటయ్యా?" అని తాతనే గదిమాడు.

"ఆయన్ననకండి సార్," అక్షరాలక్క అడ్డుపడింది. "బాగుందని పంపేసింది మనం. మిగతా పదిమందినీ చూసొచ్చేదాకా మీ లెక్క మీద నేను సంతకం పెట్టను."

తాత కంగారుగా, "నావల్ల గొడవెందుకు తల్లీ, రెండో కన్నుందిగా," అన్నాడు.

ఆ మాటకు ఆవిడ ఒళ్లు మండిపోయింది. తాతను నల్లగుడ్డు జబ్బులు చూసే డాక్టరమ్మకు అప్పగించి, సెలవు చీటీ పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టి, పదిమంది చిరునామాలతో వీధిలోకి నడిచింది.